డిగ్రీ తరువాత పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ చివరి సంవత్సరం మొదలైందంటే మా రసాయన శాస్త్ర విభాగం గుమ్మం దగ్గర ఒకరిద్దరు విద్యార్థులు లోపలికి రావాలా వద్దా అని తటపటాయిస్తూ నిలబడతారు. అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "సార్, డిగ్రీతోనే పరిశోధనలోకి వెళ్లవచ్చా? నెలనెలా డబ్బు కూడా ఇస్తారంటున్నారు, నిజమేనా?" నిజమే. కానీ దారులు అనేకం, ఒక్కో దారికి ఒక్కో అర్హత, ఒక్కో గడువు ఉన్నాయి. వీటిని ఒకదానితో ఒకటి కలిపేసుకుని ఏడాది పోగొట్టుకున్న పిల్లలను చూశాను కనుక, ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. విజ్ఞాన శాస్త్ర విద్యార్థులను ఎక్కువగా దృష్టిలో పెట్టుకున్నప్పటికీ, మిగతా వారికి పనికివచ్చేవి కూడా ఇందులో ఉన్నాయి.

ఫెలోషిప్ అంటే స్కాలర్‌షిప్ లాంటిదేనా?

కాదు. స్కాలర్‌షిప్ చదువు ఖర్చుకు ఇచ్చే సాయం. ఫెలోషిప్ మీరు చేయబోయే పరిశోధనకు ఇచ్చే భృతి. అందుకే స్కాలర్‌షిప్ దరఖాస్తులో మార్కులు, కుటుంబ ఆదాయం చూస్తే, ఫెలోషిప్ దరఖాస్తులో మీరు ఏ పని చేయగలరు, ఎవరి దగ్గర చేయదలచుకున్నారు అన్నది చూస్తారు. ఇన్‌స్పైర్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం పేరుతో రెండూ ఉండటం వల్ల చాలామంది పొరబడుతుంటారు. డిగ్రీ చదివేటప్పుడు అందే ఏడాదికి 80,000 రూపాయల ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ వేరు, పీహెచ్‌డీకి ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్ వేరు. రెండోది సాధారణ డిగ్రీ విద్యార్థులకు పీజీ పూర్తయ్యాకే వర్తిస్తుంది.

మూడేళ్ల బీఎస్సీతో జేఆర్‌ఎఫ్ వస్తుందా?

మూడేళ్ల డిగ్రీ పట్టా ఒక్కటే చేతిలో పెట్టుకుని జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) అందుకోవడం కుదరదు. జేఆర్‌ఎఫ్ పీహెచ్‌డీలో నమోదైన వారికి ఇచ్చేది, మూడేళ్ల డిగ్రీ తరువాత నేరుగా పీహెచ్‌డీలో చేర్చుకోరు. అయితే ఇంతటితో నిరాశ పడవలసిన పని లేదు. మూడేళ్ల డిగ్రీ వారి కోసమే ఏర్పడిన మంచి దారి ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ. దాని గురించి కింద వివరంగా రాశాను.

నాలుగేళ్ల ఆనర్స్ చేసినవారి సంగతి?

ఇక్కడ నిబంధనలు ఇటీవల బాగా మారాయి, మన అధ్యాపకుల్లోనే కొందరికి ఈ మార్పు ఇంకా చేరలేదు. విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం, ఎనిమిది సెమిస్టర్ల నాలుగేళ్ల డిగ్రీలో మొత్తం మీద 75 శాతం మార్కులు లేదా దానికి సమానమైన గ్రేడు ఉన్నవారు పీజీ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హులు. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఇవ్వవచ్చు. 2024 నుంచి నాలుగేళ్ల డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవారు కూడా యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసే వీలు కలిగింది. పైగా డిగ్రీ ఏ సబ్జెక్టులో చేసినా, పీహెచ్‌డీ చేయదలచుకున్న సబ్జెక్టులో నెట్ రాయవచ్చు. అంటే భౌతిక శాస్త్రంలో ఆనర్స్ చేసి, తెలుగు సాహిత్యంలో పరిశోధన చేయాలనుకునే విద్యార్థి తెలుగులో నెట్ రాసుకోవచ్చు.

నెట్ ఫలితాన్ని ఇప్పుడు మూడు తరగతులుగా ఇస్తున్నారు. మొదటి తరగతిలో జేఆర్‌ఎఫ్, సహాయ ఆచార్య అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ ఉంటాయి. రెండో తరగతిలో జేఆర్‌ఎఫ్ ఉండదు. మూడో తరగతి పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే. రెండు, మూడు తరగతుల వారి స్కోరు ప్రవేశం కోసం ఒక ఏడాది చెల్లుతుంది. విశ్వవిద్యాలయం ఆ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇస్తుంది. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: కేవలం డిగ్రీతో నెట్ రాసినవారికి అధ్యాపక ఉద్యోగ అర్హత రాదు, పరిశోధన అర్హత మాత్రమే వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీకి నాలుగో ఏడాది ఆనర్స్ అవకాశం ఉంది. మూడేళ్లతో బయటికి రావాలా, నాలుగో ఏడాది కొనసాగాలా అని ఆలోచించే వారికి, పరిశోధన మీద నిజంగా మనసు ఉంటే, 75 శాతం దాటే వీలూ ఉంటే కొనసాగమనే చెబుతాను. 70 శాతం దగ్గర ఆగిపోయే పరిస్థితి ఉంటే మాత్రం మూడేళ్లతో ముగించి పీజీకో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకో వెళ్లడం మేలు.

ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలో ఎలా చేరాలి?

ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ అంటే పీజీ, పీహెచ్‌డీ ఒకే సంస్థలో ఒకే ప్రవేశంతో పూర్తిచేయడం. బెంగళూరులోని ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్), జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, కొన్ని ఐసర్లు (కేంద్ర విజ్ఞాన శాస్త్ర విద్యాసంస్థలు), ఐఐటీలు ఇలా చేర్చుకుంటున్నాయి. ప్రధానమైన ప్రవేశ పరీక్ష జామ్. దీన్ని ఐఐటీలు వంతుల వారీగా నిర్వహిస్తాయి. రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం, గణితం, గణిత సాంఖ్యక శాస్త్రం, జీవ సాంకేతికత, భూగర్భ శాస్త్రం, అర్థశాస్త్రం అనే ఏడు పేపర్లు ఉంటాయి. మూడు గంటల్లో 60 ప్రశ్నలు, 100 మార్కులు. దరఖాస్తులు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, పరీక్ష ఫిబ్రవరిలో. భౌతిక శాస్త్రం వారికి జెస్ట్ అనే మరో ఉమ్మడి పరీక్ష ఉంది, టాటా సంస్థ తన పరీక్షను విడిగా పెట్టుకుంటుంది.

జామ్ గురించి మన పిల్లలకు చెప్పవలసింది ఒకటి ఉంది. ఇది మన సెమిస్టరు పరీక్ష లాంటిది కాదు. "వివరింపుము", "నిర్వచింపుము" అన్న ప్రశ్నలుండవు. అంకెల రూపంలో జవాబు టైపు చేయవలసినవి, ఒకటికి మించి సరైన జవాబులున్నవి ఉంటాయి. ఈ రెండు రకాలకూ రుణాత్మక మార్కులు లేవు గాని, సగం తెలిసిన వాడికి మార్కులు రావు. పాత ప్రశ్నపత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. పదేళ్ల పత్రాలను గడియారం ముందు పెట్టుకుని చేసిన వారికి కోచింగ్ అవసరం పడకపోవడం నేను చూశాను.

బీటెక్, బీఫార్మసీ వారికి?

వీరిది నాలుగేళ్ల డిగ్రీ కనుక దారులు ఇంకా వెడల్పు. గేట్ అనే జాతీయ పరీక్ష స్కోరుతో ఐఐఎస్‌సీ, ఐఐటీలు నేరుగా పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు పిలుస్తాయి. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. కేంద్ర పరిశోధనా మండలి అయిన సీఎస్‌ఐఆర్ పేరుతో, విజ్ఞాన శాస్త్ర విషయాల్లో జరిగే సీఎస్‌ఐఆర్ నెట్ కూడా రాయవచ్చు గాని, డిగ్రీ వారికి అందులో సహాయ ఆచార్య అర్హత వర్తించదు, జేఆర్‌ఎఫ్ వచ్చినా పీహెచ్‌డీలో నమోదైన తరువాతే చేతికి అందుతుంది. 2018లో మొదలైన ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ వీటన్నింటికంటే పెద్దది: మొదటి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏడాది 75,000, ఆ తరువాత 80,000 రూపాయలు, పరిశోధన ఖర్చులకు ఏడాదికి 2 లక్షలు అన్నది దాని ప్రకటిత స్వరూపం. పోటీ చాలా తీవ్రం. దాన్నొక్కదాన్నే నమ్ముకుని మిగతా దరఖాస్తులు మానుకోవద్దు.

"ప్రాజెక్టు జేఆర్‌ఎఫ్" అని నోటిఫికేషన్లు వస్తుంటాయి. అది వేరా?

వేరే. ఒక శాస్త్రవేత్తకు ఏదైనా సంస్థ నిధులిస్తే, ఆ నిధుల నుంచి ఆయన లేదా ఆమె నియమించుకునే తాత్కాలిక ఉద్యోగం ప్రాజెక్టు జేఆర్‌ఎఫ్. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగం ముగుస్తుంది. నెట్ ద్వారా వచ్చిన జేఆర్‌ఎఫ్ మీ సొంతం, మీరు ఏ అర్హత గల సంస్థలో చేరితే అక్కడికి మీతో వస్తుంది. ఈ తేడా తెలియక, ప్రాజెక్టులో చేరగానే పీహెచ్‌డీ వచ్చేసినట్టే అనుకుని రెండేళ్లు గడిపినవారున్నారు.

అయినా మూడేళ్ల డిగ్రీ వారికి ప్రాజెక్టు అసిస్టెంట్ ఉద్యోగాన్ని నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. బీఎస్సీ అర్హతతో దొరికే ఈ ఉద్యోగంలో ఏడాది పనిచేస్తే, పరిశోధన మీకు సరిపడుతుందో లేదో మీకే తెలిసిపోతుంది. హైదరాబాదులో తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారి వెంబడే ఐఐసీటీ (రసాయన సాంకేతికత), సీసీఎంబీ (జీవశాస్త్రం), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక శాస్త్రం) అనే పరిశోధనా సంస్థలు ఉన్నాయి, గోపన్‌పల్లి వైపు టాటా సంస్థ హైదరాబాదు కేంద్రం, గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీటి వెబ్‌సైట్లలో ఉద్యోగాల పేజీని వారానికొకసారి చూడండి. ఏటా సెప్టెంబరు 26న సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినోత్సవం వస్తుంది. ఆ రోజుల్లో దాని ప్రయోగశాలలు సందర్శకులకు తలుపులు తెరుస్తుంటాయి. ఒక్కసారి లోపలికి వెళ్లి చూసివచ్చిన విద్యార్థి అడిగే ప్రశ్నల తీరే మారిపోతుంది.

నెలకు ఎంత వస్తుంది?

2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, అంతకుముందు 31,000 ఉండేది. రెండేళ్ల తరువాత పని సమీక్షించి సీనియర్ రీసెర్చ్ ఫెలోగా పెంచితే 42,000. హాస్టల్ వసతి ఇవ్వకపోతే, నగరం తరగతిని బట్టి ఇంటి అద్దె భత్యం అదనం. హైదరాబాదు మొదటి తరగతిలో, విశాఖపట్నం, వరంగల్ రెండో తరగతిలో ఉన్నాయి. సీఎస్‌ఐఆర్ ఫెలోలకు ఏడాదికి 20,000 రూపాయల కంటింజెన్సీ విడిగా ఉంటుంది, దాన్ని పరిశోధన అవసరాలకే వాడాలి.

ఎప్పటి నుంచి సన్నద్ధం కావాలి?

డిగ్రీ చివరి సంవత్సరానికి ముందు వేసవి నుంచి. అప్పటికి ఇంకా విద్యార్థులే కనుక, దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల వేసవి ఫెలోషిప్‌కు ముందు శీతాకాలంలోనే దరఖాస్తు చేసి ఉండాలి. డిగ్రీ పూర్తయ్యాక ఇలాంటి వేసవి అవకాశాలు చాలావరకు మూసుకుపోతాయి. చివరి సంవత్సరం సెప్టెంబరులో జామ్ దరఖాస్తు, ఆ చుట్టుపక్కలే టాటా పరీక్ష దరఖాస్తు, శీతాకాలంలో జెస్ట్ దరఖాస్తు, ఫిబ్రవరిలో జామ్ పరీక్ష, మే, జూన్ నెలల్లో ఇంటర్వ్యూలు. సీఎస్‌ఐఆర్ నెట్, యూజీసీ నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు విడతలుగా వస్తాయి. ప్రతి విడతకు కొత్త సమాచార బులెటిన్ వెలువడుతుంది. వయసు, మార్కుల నిబంధనలను ఆ బులెటిన్‌లోనే చూసుకోవాలి గాని, నిరుడు రాసిన సీనియరు మాట మీద ఆధారపడకూడదు.

మా కళాశాలలో పరికరాలు లేవు. పరిశోధన అనుభవం లేకుండా దరఖాస్తు ఎలా?

ఈ ప్రశ్నకే నేను ఎక్కువసేపు జవాబు చెబుతాను, ఎందుకంటే మంచి పిల్లలు ఇక్కడే వెనక్కి తగ్గిపోతారు.

కొన్నేళ్ల కిందట మా దగ్గర చదివిన ఒక అమ్మాయి తన ఊళ్లోని ఐదు బోర్ల నీళ్లను జూన్ నుంచి డిసెంబరు దాకా నెలకోసారి ప్లాస్టిక్ సీసాల్లో పట్టి కళాశాలకు తెచ్చేది. చేసిన పని డిగ్రీ రెండో ఏడాది ప్రాక్టికల్సే: ఈడీటీఏ ద్రావణంతో నీటి కాఠిన్యం కొలవడం. ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు సూచిక వేసిన నీళ్లు ముదురు ఎరుపు నుంచి నీలానికి తిరిగే ఆ ఒక్క చుక్క దగ్గర బ్యూరెట్ ఆపి, రీడింగు రాసుకుని, ఒక్కో నమూనాకు మూడుసార్లు చేసేది. వానలు పడితే కాఠిన్యం తగ్గాలని మేమందరం అనుకున్నాం. నాలుగు బోర్లలో తగ్గింది. చెరువు కట్ట కింద ఉన్న ఐదో బోరులో పెరిగింది.

ఆ పెరుగుదల తన పొరపాటేమో అని ఆ అమ్మాయి మొదట భయపడింది, కొత్త ద్రావణం తయారుచేసి మళ్లీ చేసింది, మళ్లీ పెరిగినట్టే వచ్చింది. ఎందుకు పెరిగిందో మాకు కచ్చితంగా తెలియలేదు. ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు ఆ ఐదో బోరు గురించే అడిగారట. పరికరాలు ఏవి వాడావు అని ఎవరూ అడగలేదు. బ్యూరెట్, పిపెట్, కోనికల్ ఫ్లాస్కు ప్రతి డిగ్రీ కళాశాలలోనూ ఉన్నాయి. జీవశాస్త్రం వారికి ఒక సూక్ష్మదర్శిని, ఒక చెరువు చాలు. గణితం వారికి కాగితం. సాంఘిక శాస్త్రాల వారికి గ్రామ పంచాయతీ రికార్డులు, పెద్దలతో సంభాషణలు. సొంతంగా ఎత్తుకున్న ఒక చిన్న ప్రశ్న, దానికోసం ఓపికగా నింపిన ఒక నోట్‌బుక్ ఉండాలి. ఆ నోట్‌బుక్‌లో తేదీలు, కొట్టివేతలు అన్నీ ఉండనివ్వండి, శుభ్రంగా తిరగరాయకండి.

ఎస్‌ఓపీ ఎలా రాయాలి?

ఎస్‌ఓపీ అంటే మీరు ఏ పరిశోధన చేయాలనుకుంటున్నారో, ఎందుకు చేయాలనుకుంటున్నారో చెప్పే ఒకటి రెండు పేజీల వ్యాసం. నాకు చూపించడానికి తెచ్చేవాటిలో ఎక్కువ భాగం "చిన్నప్పటి నుంచీ నాకు సైన్స్ అంటే ఎంతో ఇష్టం" అని మొదలవుతాయి. ఆ తరువాత అబ్దుల్ కలాం గారి ప్రస్తావన, ఆ తరువాత దేశసేవ. ఈ భావాల్లో తప్పేమీ లేదు. కాకపోతే వాటిని చదివే ఆచార్యుడికి మీరెవరో తెలియదు, వందల మంది అదే వాక్యం రాసి ఉంటారు.

పైన చెప్పిన అమ్మాయి మొదటి ప్రతి కూడా అలాగే ఉండేది. మూడో ప్రతిలో మొదటి వాక్యం ఇలా మారింది: "మా ఊరి ఐదు బోర్లలో వానల తరువాత నాలుగింటి నీటి కాఠిన్యం తగ్గింది, చెరువు కింది బోరులో మాత్రం పెరిగింది, కారణం నాకింకా తెలియదు." చదివేవారికి వెంటనే ఒక మనిషి, ఒక పని, ఒక కుతూహలం కనిపిస్తాయి. అక్కడి నుంచి తాను భూగర్భ జల రసాయన శాస్త్రం ఎందుకు చదవాలనుకుంటోందో, ఆ సంస్థలో ఎవరి పని తన ప్రశ్నకు దగ్గరగా ఉందో రాసింది. మార్కుల పట్టికలో ఉన్న విషయాలను ఎస్‌ఓపీలో మళ్లీ రాయలేదు. మొదటి ప్రతికీ చివరి ప్రతికీ మధ్య నెల రోజులు పట్టింది, అంత సమయం పెట్టుకోవాలి.

కృత్రిమ మేధ పరికరాలతో మొత్తం రాయించుకునే అలవాటు ఇప్పుడు వచ్చింది. భాషా దోషాలు సరిచూసుకోవడానికి వాడుకోండి. మొత్తం రాయించుకుంటే, ఇంటర్వ్యూలో మీ వాక్యమే మీ ముందు పెట్టి "అంటే ఏమిటి" అన్నప్పుడు మాట పెగలదు.

నేను తెలుగు మాధ్యమంలో చదివాను. ఆంగ్లం సరిగా రాదు.

ముందు మొత్తం తెలుగులోనే రాయండి. ఇది ఓదార్పు కోసం అంటున్నది కాదు, పనిచేసే పద్ధతి కనుకే చెబుతున్నాను. ఆలోచన తెలుగులో తేటపడ్డాక దాన్ని చిన్న చిన్న ఆంగ్ల వాక్యాలుగా మార్చడం కష్టం కాదు. ఆలోచనే తేటపడకుండా ఆంగ్లంలో మొదలుపెడితే అలంకారాలు మిగులుతాయి, విషయం జారిపోతుంది. ఇంటర్వ్యూ కోసం మీ ప్రాజెక్టు గురించి రోజూ పది నిమిషాలు ఆంగ్లంలో పైకి చెప్పుకోండి, స్నేహితుడెవరైనా ఎదురుగా కూర్చుంటే ఇంకా మంచిది. ఉచ్చారణ గురించి బాధపడవద్దు. పారిభాషిక పదాల అర్థం మాత్రం గట్టిగా తెలిసి ఉండాలి.

గైడ్‌కు ముందే ఈమెయిల్ రాయాలా?

ప్రవేశ పరీక్ష ద్వారా వెళ్లే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి అవసరం లేదు, అక్కడ గైడ్‌ను చేరాక ఎంచుకుంటారు. ప్రాజెక్టు ఉద్యోగాలకు, విదేశీ దరఖాస్తులకు, జేఆర్‌ఎఫ్ చేతిలో ఉండి సంస్థ వెతుక్కునే వారికి తప్పనిసరి. పది వాక్యాలు దాటకూడదు. ఆయన లేదా ఆమె పేరు, వారి ఒక పరిశోధనా పత్రంలో మీకు అర్థమైన విషయం, అర్థం కాని విషయం ఒకటి, మీరు చేసిన పని రెండు వాక్యాల్లో, చివర మీ అభ్యర్థన. "గౌరవనీయులైన సర్ లేదా మేడం" అని ఒకే ఉత్తరాన్ని నలభై మందికి ఒకేసారి పంపితే నలభై చోట్లా అది చెత్తబుట్టకే చేరుతుంది. రెండు వారాల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయవచ్చు, ఆ తరువాత వదిలేయాలి.

సిఫారసు లేఖ ఎవరిని అడగాలి?

ప్రిన్సిపాల్‌ను కాదు, మీ పని దగ్గర నుంచి చూసిన అధ్యాపకులను అడగాలి. పెద్ద హోదా గలవారు రాసిన "ఈ విద్యార్థి క్రమశిక్షణ గలవాడు" అన్న నాలుగు వరుసల కంటే, ప్రాక్టికల్స్ చూసే లెక్చరరు రాసిన "తప్పు వచ్చిన రీడింగును దాచకుండా నాకు చూపించి మళ్లీ చేశాడు" అన్న ఒక్క వాక్యం ఎక్కువ మేలు చేస్తుంది. గడువుకు కనీసం మూడు వారాల ముందు అడగండి. మార్కుల మెమోలు, ఎస్‌ఓపీ ప్రతి, దరఖాస్తుల జాబితా, గడువు తేదీలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నా చదువు రోజుల్లో గడువుకు రెండు రోజుల ముందు మా మేడంగారిని అడిగాను. ఆమె ఊళ్లో లేరు, లేఖ చేరలేదు, ఆ దరఖాస్తు అక్కడితో పోయింది. తప్పు పూర్తిగా నాదే.

"నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతాను" అనే అధ్యాపకులు మనలో ఉన్నారు. ఇది విద్యార్థికి చేసే అన్యాయమని నా గట్టి అభిప్రాయం. అలా అన్నప్పుడు లేఖకు బదులు మీరు చేసిన పనుల జాబితా రాసి ఇచ్చి, దాని ఆధారంగా రాయమని వినయంగా కోరండి.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

డిగ్రీ మొదటి, రెండో సంవత్సరాల పాఠాలే. మీకు ఇష్టమైన సబ్జెక్టు చెప్పమని, అందులోంచే మొదలుపెట్టి, మీకు తెలిసిన హద్దు దాకా తీసుకెళతారు. ఆ హద్దు దగ్గర మీరు ఎలా ఆలోచిస్తారో చూడటమే వారి ఉద్దేశం. ఐదో బోరులో కాఠిన్యం ఎందుకు పెరిగిందని అడిగినప్పుడు ఆ అమ్మాయి "తెలియదు సర్" అన్నదట. వెంటనే, "చెరువు నీరు నేలలోని లవణాలను కడుక్కుంటూ ఆ బోరులోకి దిగుతోందేమో. అదే నిజమైతే క్లోరైడు కూడా పెరిగి ఉండాలి. సిల్వర్ నైట్రేట్‌తో కొలిచి చూడవచ్చు" అన్నదట. తెలియదని ఒప్పుకున్నాక తెలుసుకునే మార్గం చెప్పడం కంటే మంచి జవాబు ఇంటర్వ్యూలో ఉండదు. మార్కరు చేతికిస్తే బోర్డు మీద పటం గీస్తూ చెప్పండి.

ధ్రువపత్రాల్లో ఎక్కడ ఇబ్బంది వస్తుంది?

తెలుగు విద్యార్థులకు రెండు చోట్ల. మొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో వెనుక ఉంటుంది. దరఖాస్తు అంతటా పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి, ఆధార్‌ను దానికి సరిపోయేలా ముందే సరిచేయించుకోండి.

రెండోది కుల ధ్రువపత్రం. రాష్ట్రంలో బీసీ ఏ, బీ, సీ, డీ, ఈ అని ఉన్న విభజన కేంద్ర సంస్థలకు వర్తించదు. కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉందో లేదో విడిగా చూసుకోవాలి. ఉంటే కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం తీసుకోవాలి. మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు చేసేటప్పుడే "కేంద్ర ప్రభుత్వ అవసరానికి" అని స్పష్టంగా చెప్పాలి. నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ పత్రాలకు ఆర్థిక సంవత్సరం పట్టింపు ఉంటుంది, పాతవి చెల్లవు. కౌన్సెలింగు రోజున రాష్ట్ర నమూనా పత్రం చూపించి సీటు చేజార్చుకున్న వారి బాధ చూశాను కనుక ఇంత నొక్కి చెబుతున్నాను.

డిగ్రీలోనే పరిశోధనా పత్రం ప్రచురించి ఉండాలా?

అక్కర్లేదు. రెండు మూడు వేలు కడితే వారంలో ప్రచురిస్తామనే పత్రికలకు డబ్బు కట్టవద్దు. ఇంటర్వ్యూ చేసేవారు ఆ పేర్లను గుర్తుపడతారు, మీ నిజమైన పనిని కూడా అనుమానిస్తారు.

విదేశాలకు డిగ్రీతోనే పీహెచ్‌డీకి వెళ్లవచ్చా?

అమెరికాలో వీలుంది. అక్కడి పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు కోర్సులు కలిసే ఉంటాయి, టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ ద్వారా ఫీజు, జీవనభృతి ఇస్తారు. చాలా విభాగాలు పదహారేళ్ల చదువు అడుగుతాయి కనుక నాలుగేళ్ల డిగ్రీ వారికి సులువు, మూడేళ్ల వారు ఆ విశ్వవిద్యాలయాన్ని ముందే అడిగి తెలుసుకోవాలి. గడువులు ఎక్కువగా డిసెంబరులో ఉంటాయి. నిధులతో కూడిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 లోగా జవాబు ఇమ్మని ఒత్తిడి చేయకూడదని అక్కడి అనేక విశ్వవిద్యాలయాల మధ్య ఒప్పందం ఉంది, తొందరపడి సంతకం పెట్టనక్కర్లేదు. దరఖాస్తు రుసుము భారమైతే మినహాయింపు అడగవచ్చు, సిగ్గుపడవలసిన పని కాదు. జర్మనీ వంటి దేశాల్లో సాధారణంగా పీజీ అడుగుతారు. ఇంకొక మాట: నిధులు లేని పీహెచ్‌డీకి ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లవద్దు. మంచి విజ్ఞాన శాస్త్ర విభాగాలు తాము కోరుకున్న పీహెచ్‌డీ విద్యార్థికి తామే డబ్బు ఇస్తాయి.

ఆడపిల్లకు ఐదారేళ్ల చదువంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

తల్లిదండ్రులను ఒకసారి కళాశాలకు తీసుకురమ్మంటాను. చాలామందికి ఇది ఫీజు కట్టే చదువు కాదని, నెలనెలా భృతి వచ్చే పని అని, సంస్థల్లో హాస్టల్ ఉంటుందని తెలియదు. తెలిశాక మాట మెత్తబడుతుంది. పెళ్లి గురించి అడుగుతారు. యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీ చేసే మహిళలకు 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉందని, పీహెచ్‌డీ గడువులో రెండేళ్ల అదనపు సడలింపు ఉందని, జేఆర్‌ఎఫ్ వయోపరిమితిలో మహిళలకు ఐదేళ్ల వెసులుబాటు ఉందని కాగితం మీద చూపించండి. వాదన కంటే ఆ కాగితం బాగా పనిచేస్తుంది.

ఈ ఏడాది ఎక్కడా రాకపోతే?

ఏడాది విరామం దరఖాస్తుకు మచ్చ కాదు, ఖాళీ విరామం మాత్రం ప్రశ్నలు తెస్తుంది. ప్రాజెక్టు అసిస్టెంట్‌గా చేరడం, దగ్గరి విశ్వవిద్యాలయంలో పీజీలో చేరి జామ్ లేదా నెట్ మళ్లీ రాయడం, ఈ రెండూ మంచివే. ఇంటర్వ్యూ దాకా వెళ్లి తిరిగివచ్చినవారు అడిగిన ప్రశ్నలన్నీ ఆ రాత్రే రాసిపెట్టుకోవాలి. వారం తరువాత సగం మరిచిపోతారు.

ఎంపికయ్యాక చేరేటప్పుడు ఏవి సిద్ధంగా ఉండాలి?

ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, కుల, ఆదాయ పత్రాల అసలు ప్రతులు. ఫలితాలు వచ్చిన వారంలోనే మైగ్రేషన్‌కు దరఖాస్తు చేయండి, కొన్ని చోట్ల దానికి నెల దాటుతుంది. బ్యాక్‌లాగ్ ఏదైనా ఉంటే చేరే సంస్థకు ముందే రాతపూర్వకంగా తెలియజేసి గడువు కోరండి.

ఇక డబ్బు సంగతి. చేరిన నెల నుంచే ఫెలోషిప్ లెక్కలోకి వస్తుంది గాని, చేతికి అందడానికి మొదట్లో మూడు నాలుగు నెలలు పట్టడం మామూలే. చేరిక నివేదిక, బ్యాంకు వివరాలు, గైడ్ సంతకం, సంస్థ ధ్రువీకరణ అన్నీ నిధులిచ్చే కార్యాలయానికి చేరాక బకాయిలన్నీ ఒక్కసారిగా ఖాతాలో పడతాయి. అందాకా హాస్టల్ మెస్ బిల్లుకు, ప్రయాణానికి సరిపడే డబ్బు ఇంటి నుంచి సర్దుకుని వెళ్లాలి. సర్దుకోలేని పరిస్థితి ఉంటే చేరిన రోజే విద్యార్థుల వ్యవహారాల కార్యాలయంలో చెప్పి మెస్ బిల్లు వాయిదా అడగండి. అలా అడిగి తీసుకున్న పిల్లలు నాకు తెలుసు.